వేసవిలో కృష్ణ ఒడ్డున నడక: మన బెజవాడ ఘాట్లు, పార్కులు



వేసవి వచ్చిందంటే మా ఓ.పి.లో ఒక ప్రశ్న తరచుగా వినిపిస్తుంది. షుగరు, బి.పి. ఉన్నవారికి డాక్టరుగారు చీటీ మీద మందులతోపాటు "రోజూ అరగంట నడక" అని రాస్తారు. ఆ చీటీ పట్టుకుని నర్సుల బల్ల దగ్గరికి వచ్చినవారు, "మందులైతే కొనుక్కుంటాం సిస్టరుగారూ, ఈ ఎండల్లో నడక ఎక్కడ నడవమంటారు?" అని అడుగుతారు. ఇది న్యాయమైన ప్రశ్న. ఇరుకు సందులో, ఆటోల మధ్య, డ్రైనేజీ పలకల మీద నడవమని యాభై ఏళ్ల మనిషికి చెప్పడం తేలిక, నడవడం కష్టం.

అందువల్ల ఈ ఏప్రిల్, మే నెలల్లో సెలవు దొరికిన ఉదయాలు, సాయంత్రాలు మన విజయవాడలో కృష్ణానది ఒడ్డున ఉన్న ఘాట్లు, పార్కులు ఒక్కొక్కటిగా నడిచి చూశాం. నాతోపాటు మా నర్సింగు స్కూలు విద్యార్థినులు ఇద్దరు, రిటైరైన మా వార్డు ఆయమ్మ ఒకరు వచ్చారు. ఆయమ్మకు అరవై ఆరేళ్లు, మోకాళ్ల నొప్పులు. కాబట్టి ఆమె ఎక్కడ సుఖంగా నడవగలిగితే అక్కడ మా పేషెంట్లు కూడా నడవగలరని లెక్క పెట్టుకున్నాం. నీడ ఎక్కడుంది, కూర్చునే చోటు ఎక్కడుంది, నేల కాలికి ఎలా ఉంది, ఏ వేళలో వెళ్లాలి అనేవి మేము చూసిన విషయాలు. పొరుగూరు నుంచి చూడవచ్చినవారి కోసం కాదు, ఈ ఊళ్లోనే ఉంటూ ఆరోగ్యం కోసం నడవాల్సినవారి కోసం వీటిని రాస్తున్నాను.

మన ఊరి ఎండ సంగతి

బెజవాడను వేళాకోళంగా "బ్లేజ్‌వాడ" అనడం పాత అలవాటు. ఆ మాటలో నిజం లేకపోలేదు. ఇంద్రకీలాద్రి, మొగల్రాజపురం, గుణదల కొండలు ఊరిని ఆనుకుని ఉన్నాయి. ఈ రాతి కొండలు పగలంతా ఎండను పీల్చుకుని రాత్రి నెమ్మదిగా వదులుతాయి. సిమెంటు ఇళ్లు, తారు రోడ్లు కూడా అదే పని చేస్తాయి. దానికితోడు సముద్రం వైపు నుంచి వచ్చే తేమ. ఒంటికి పట్టిన చెమట ఆరితేనే శరీరం చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే చెమట ఆరదు, కారిపోతుంది. ఉక్కపోత రోజున థర్మామీటరులో అంకె తక్కువగా ఉన్నా ఒళ్లు తట్టుకోలేకపోవడానికి కారణం ఇదే.

2015 మే నెలలో వడగాలులకు మన రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఎండలో పనిచేసేవారు, వయసు మళ్లినవారు అందులో ఎక్కువ. అందుచేత వేసవిలో నడక అంటే కాళ్లు కదిలించడం ఒక్కటే కాదు, వేళ, చోటు ఎంచుకోవడం కూడా అందులో భాగమే.

ఇరవైనాలుగు గంటల్లో గాలి చల్లగా ఉండేది సూర్యోదయానికి కాస్త ముందు. మే నెల మధ్యలో మన ఊళ్లో సూర్యుడు సుమారు 5.30కి వస్తాడు. కాబట్టి 5.15కి బయలుదేరి 6.15కి ఇల్లు చేరడం మంచిది. ఏడు దాటాక ఎండ చురుక్కుమంటుంది. సాయంత్రమైతే సూర్యుడు దిగిన తరువాత, అంటే 6.45 తరువాతే బయలుదేరాలి. సాయంత్రం ఐదింటికి ఎండ వాలినట్లు కనిపించినా నేల, గోడలు వేడి కక్కుతూనే ఉంటాయి.

భవానీపురం వైపు: పున్నమి ఘాట్

మేము పడమటి వైపు నుంచి మొదలుపెట్టాం. ప్రకాశం బ్యారేజీకి ఎగువన ఉన్న భవానీపురం వైపు ఒడ్డున వేసవిలో కూడా నీళ్లు కనిపిస్తాయి. బ్యారేజీ గేట్లు మూసి ఉండడంవల్ల ఎగువన నీరు నిలిచి ఉంటుంది. అదే బ్యారేజీకి దిగువన చూస్తే మే నెలలో చాలామేర ఇసుక తిన్నెలే. ఒకే నది, ఒకే ఊరు, కానీ నడిచేవారికి ఈ తేడా ముఖ్యం. నీటి మీదుగా వచ్చే గాలి కొంత చల్లగా ఉంటుంది. ఇసుక మీదుగా వచ్చే గాలి పొద్దెక్కినకొద్దీ వేడెక్కుతుంది.

2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలకు ఒడ్డు పొడవునా ఘాట్లను విశాలంగా కట్టారు. ఆ కట్టడాలు ఈ రోజు నడిచేవారికి ఉపయోగపడుతున్నాయి. పున్నమి ఘాట్ దగ్గర నేల సమంగా, వెడల్పుగా ఉంది. మా ఆయమ్మ చేయి పట్టుకోకుండానే నడిచింది. మెట్లు దిగడం, ఎక్కడం మాత్రం మోకాళ్ల నొప్పులున్నవారు మానాలి. పైన చదునుగా ఉన్నచోట అటూ ఇటూ నడిస్తే చాలు. మోకాలికి మెట్లు దిగేటప్పుడు పడే బరువు సమతలం మీద నడిచేటప్పుడు పడేదానికంటే చాలా ఎక్కువ.

ఇక్కడి నుంచి భవానీ ద్వీపానికి పడవలు నడుస్తాయి. నది మధ్యన దాదాపు 130 ఎకరాల ద్వీపం అది. చెట్ల నీడ ఉంది, పిల్లలతో కలిసి సాయంత్రం గడపడానికి బాగుంటుంది. కాని రోజువారీ నడకకు పనికిరాదు. వరద వచ్చినప్పుడు, గాలి ఎక్కువైనప్పుడు పడవలు ఆపుతారు కాబట్టి ముందుగా కనుక్కుని వెళ్లండి. పడవ ఎక్కేవారు లైఫ్ జాకెట్టు వేసుకుని, బకిళ్లు బిగించుకున్న తరువాతే కూర్చోండి. "ఉక్కగా ఉంది" అని విప్పేయడం చూశాను. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమం వద్ద పడవ మునిగి ఇరవై మందికి పైగా చనిపోయిన సంగతి ఈ ఊరు మరచిపోకూడదు.

దుర్గా ఘాట్, బ్యారేజీ: కొలిచిన బాట

దుర్గా ఘాట్ ఇంద్రకీలాద్రి పాదాల దగ్గర ఉంది. ఇక్కడ భక్తుల రద్దీ ఎక్కువ, రోడ్డు పక్కనే ఉంది, 2020లో ప్రారంభమైన కనకదుర్గ ఫ్లైఓవరు మీద బండ్ల శబ్దం ఉంటుంది. ఉబ్బసం, ఆయాసం ఉన్నవారు వాహనాలు పెరిగే వేళకు ముందే నడక ముగించుకోవాలి. శుక్రవారాలు, పండుగ రోజులు ఇక్కడ నడక పెట్టుకోకండి.

అక్కడి నుంచి కాస్త నడిస్తే ప్రకాశం బ్యారేజీ. 1855లో పూర్తయిన పాత ఆనకట్టకు 1952లో గండి పడింది. దాని స్థానంలో 1954లో పని మొదలుపెట్టి 1957లో ఈ బ్యారేజీ పూర్తి చేశారు. ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. కృష్ణా డెల్టాకు నీళ్లిచ్చే ఈ కట్టడం నడిచేవారికి ఇంకో ఉపకారం చేస్తోంది. దీని పొడవు 1,223 మీటర్లు. ఈ చివర నుంచి సీతానగరం వైపు చివరకు వెళ్లి తిరిగి వస్తే దాదాపు రెండున్నర కిలోమీటర్లు. మామూలు ఆరోగ్యం ఉన్న మనిషి కాస్త చురుకుగా నడిస్తే అరగంట పడుతుంది. పెద్దవారు వారానికి కనీసం 150 నిమిషాలు చురుకైన నడక నడవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే వారానికి ఐదు రోజులు బ్యారేజీ దాటి వస్తే సరిపోతుంది. గడియారం, మీటరు ఏవీ అక్కర్లేదు.

కొత్తగా మొదలుపెట్టేవారు ఒక్కసారిగా రెండు చివరలూ చూడవద్దు. మొదటి వారం పావువంతు దూరం వెళ్లి వెనక్కి రండి, రెండవ వారం సగం దూరం. శరీరం వేసవికి అలవాటు పడడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. నడిచేటప్పుడు పక్కవారితో మాట్లాడగలగాలి, కాని పాట పాడేంత తీరిక ఊపిరికి ఉండకూడదు. అదే సరైన వేగం. రెండు మాటలు చెప్పడానికే ఆయాసం వస్తుంటే వేగం తగ్గించాలి.

బ్యారేజీ మీద ఒక లోపం ఉంది. నీడ అసలు లేదు. పైగా మోటారు సైకిళ్లు, ఆటోలు, కార్లు తిరుగుతాయి. కాబట్టి వెలుతురు వచ్చీరాని వేళ నడిచేవారు లేత రంగు బట్టలు వేసుకోవాలి, ఎదురుగా వచ్చే బండ్లు కనిపించే వైపు ఒక వరుసలో నడవాలి. నలుగురు పక్కపక్కన కబుర్లాడుకుంటూ నడవడం ప్రమాదం. ఫోను చెవిలో పెట్టుకోవద్దు.

రాజీవ్ గాంధీ పార్కు, బస్టాండు దగ్గరి ఘాట్లు

బ్యారేజీ దిగి కృష్ణలంక వైపు వస్తే రాజీవ్ గాంధీ పార్కు. ఎంతో కాలంగా ఈ ఊరి పిల్లలకు తెలిసిన పార్కు ఇది. మేము చూసిన చోట్లలో చెట్ల నీడ విషయంలో దీనిది మంచి స్థానం. చెట్టు నీడకూ రేకు నీడకూ తేడా ఉంది. రేకు వేడెక్కి ఆ వేడిని కిందికి పంపుతుంది. చెట్టు ఆకుల నుంచి నీటి ఆవిరి విడుదల చేస్తుంది కాబట్టి కింద నిజంగానే చల్లగా ఉంటుంది. నడక మధ్యలో ఐదు నిమిషాలు కూర్చోవాల్సిన గుండె జబ్బు పేషెంట్లకు, గర్భిణీలకు, ఆపరేషను అయి కోలుకుంటున్నవారికి ఇటువంటి చోటు మంచిది. పార్కు తెరిచే వేళలు, టిక్కెట్టు సంగతి ముందుగా తెలుసుకుని వెళ్లండి.

బస్టాండుకు దగ్గరలో పద్మావతి ఘాట్, కృష్ణవేణి ఘాట్ ఉన్నాయి. పల్లెల నుంచి మా ఆసుపత్రికి వచ్చే పేషెంట్ల బంధువులు బస్సు కోసం రెండు మూడు గంటలు వేచి ఉండేది ఈ చుట్టుపక్కలే. వారికి ఒక మనవి. మధ్యాహ్నం పూట ఘాట్ మెట్ల మీద ఎండలో కూర్చోకండి. చిన్నపిల్లలను, బాలింతలను బస్టాండు నీడలోనే ఉంచండి. పొద్దు వాలిన తరువాత గాలి కోసం వెళ్లండి.

కృష్ణలంక గోడ

ఈ నడకలో నా మనసుకు ఎక్కువ పట్టినది కృష్ణలంక దగ్గరి నది ఒడ్డు. కృష్ణలంక, రాణిగారితోట వాసులకు నది అంటే ఒకప్పుడు భయం. 2009 అక్టోబరులో బ్యారేజీ దగ్గర 11.10 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు ఇళ్లలోకి నీరు వచ్చింది. ఆ తరువాత ఒడ్డు పొడవునా దశలవారీగా కాంక్రీటు రక్షణ గోడ కట్టారు. 2024 సెప్టెంబరులో అంతకంటే ఎక్కువగా 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చింది. ఆ రోజుల్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు మునిగిపోయింది గాని, నది పక్కనే ఉన్న కృష్ణలంకను ఈ గోడ కాపాడింది. ఆ గోడ వెంట నది వైపున కట్టిన పార్కు 2024 మార్చిలో ప్రారంభమైంది. ఒకప్పుడు సామాన్లు నెత్తిన పెట్టుకుని పరుగెత్తిన చోట ఇప్పుడు ఆడవాళ్లు, పిల్లలు సాయంత్రం నడుస్తున్నారు.

ఇక్కడ నేను కలిసిన ఒక తల్లి గురించి చెప్పాలి. ఆమె అనుమతితోనే రాస్తున్నాను, పేరు రాయడం లేదు. వయసు నలభై ఎనిమిది. పన్నెండేళ్లుగా షుగరు. ఇంటి ముందు ఇడ్లీ బండి పెట్టుకుని ముగ్గురు పిల్లలను చదివించింది. కొన్నేళ్ల క్రితం మే నెలలో ఒక మధ్యాహ్నం చెప్పులు పైన విడిచి ఘాట్ మెట్లు దిగి స్నానం చేసి వచ్చింది. అరికాళ్లు కాలిన సంగతి ఆమెకు తెలియలేదు. షుగరువల్ల పాదాల్లో స్పర్శ పోయింది కాబట్టి మంట తెలియలేదు. రాత్రి పడుకోబోయే ముందు కూతురు బొబ్బలు చూసి కేక వేసింది. పసుపు, ఆకు పసరు పెట్టారు. పది రోజుల తరువాత మా డ్రెస్సింగు రూముకు వచ్చేసరికి చీము పట్టింది. రెండు నెలలు డ్రెస్సింగులు జరిగాయి. ఒక వేలు తీసేయవలసి వచ్చింది. పాదం దక్కింది.

ఆమెకు నడక గురించి మళ్లీ చెప్పినప్పుడు, "పొద్దున మూడున్నరకు లేస్తానమ్మా. పిండి, చట్నీ, పొయ్యి. బండి సర్దుకునేసరికి పది. మీరు చెప్పే ఐదింటి నడక నా బతుకులో లేదు" అంది. ఆమె మాటకు మేము ఒకటే జవాబు కనిపెట్టగలిగాం. పొద్దున వేళ ఆమెది కాదు, రాత్రి వేళ ఆమెదే. ఇప్పుడు రోజూ రాత్రి ఏడున్నరకు కూతురిని తోడు తీసుకుని, ఎం.సి.ఆర్. చెప్పులు వేసుకుని గోడ వెంట నడుస్తోంది. మొదట పది నిమిషాలు, ఇప్పుడు అరగంట. ఇంటికి వెళ్లాక కూతురు రెండు అరికాళ్లు టార్చిలైటుతో చూస్తుంది. మూడు నెలల సగటు షుగరు పరీక్షలో అంకె మునుపటికంటే తగ్గింది. మందులు మానలేదు, మానకూడదు. కాని ఆమె అన్న మాట ఇంకోటి నాకు గుర్తుంది. "ఆ అరగంట నన్ను ఎవరూ ఏమీ అడగరమ్మా."

దీపాలు వెలిగే, ఆడవాళ్లు భయం లేకుండా నడవగల చోటు ఇంటికి దగ్గరలో ఉండడంవల్లనే ఇది సాధ్యమైంది. పార్కు ఉన్నవారికి కాలక్షేపం కావచ్చు. ఇటువంటి తల్లికి అది వైద్యంలో భాగం.

షుగరు ఉన్నవారు గుర్తుంచుకోవలసినవి

1. వేసవిలో ఘాట్ మెట్ల మీద, ఇసుకలో, సిమెంటు మీద ఒట్టి కాళ్లతో నడవవద్దు. గుడికి వెళ్లినా, స్నానానికి వెళ్లినా సూర్యోదయానికి ముందు వెళ్లండి. స్పర్శ తగ్గినవారికి మెత్తని ఎం.సి.ఆర్. చెప్పులు, వెనక పట్టీ ఉన్నవి మంచివి. వేళ్ల మధ్య పట్టీ ఉండే హవాయి చెప్పులు వద్దు.

2. రోజూ పడుకునే ముందు రెండు పాదాలు, వేళ్ల సందులు చూసుకోండి. వంగలేనివారు కింద అద్దం పెట్టుకుని చూడండి. బొబ్బ, పగులు, రంగు మారడం కనిపిస్తే మరునాడే ఆసుపత్రికి రండి. బొబ్బను పొడవవద్దు, పసరు రాయవద్దు.

3. ఇన్సులిను గాని, షుగరు బాగా తగ్గించే మాత్రలు గాని వాడేవారు పరగడుపున చాలాదూరం నడవవద్దు. జేబులో మూడు చెంచాల పంచదార పొట్లం గాని గ్లూకోజు గాని పెట్టుకోండి. చేతులు వణకడం, చల్లని చెమటలు, గుండెదడ, కళ్లు తిరగడం వస్తే ఆగి వెంటనే తినండి. పదిహేను నిమిషాల్లో తగ్గకపోతే మళ్లీ అంతే తీసుకోండి. వేసవిలో చెమట మామూలే అని ఊరుకోవద్దు.

4. ఇన్సులిను సీసాను స్కూటరు డిక్కీలో, కారులో ఉంచవద్దు. ఫ్రిజ్ లేని ఇంట్లో నీళ్లు పోసిన కొత్త మట్టికుండలో, తడవకుండా డబ్బాలో పెట్టి నీడలో ఉంచండి.

బి.పి., గుండె జబ్బులు, వయసు మళ్లినవారు

బి.పి. మాత్రల్లో కొన్ని మూత్రం ఎక్కువగా పోయేటట్లు చేస్తాయి. వేసవిలో చెమటతోపాటు ఇదీ కలిస్తే నీరసం, లేచినప్పుడు కళ్లు తిరగడం రావచ్చు. అలా జరిగితే సొంతంగా మాత్ర మానేయకండి, డాక్టరుగారికి చూపించండి. గుండె బలహీనంగా ఉన్నవారికి, కిడ్నీ జబ్బు ఉన్నవారికి రోజుకు ఎన్ని నీళ్లు తాగాలో డాక్టరు చెప్పిన లెక్క ఉంటుంది. వేసవి అని ఆ లెక్క మీరే పెంచవద్దు, అడిగి మార్చుకోండి.

వయసు పెరిగినకొద్దీ దాహం తెలియదు. అందుచేత పెద్దవారికి దాహం వేసేదాకా ఆగకుండా గంటకొకసారి నీళ్లు అందించడం ఇంట్లోవారి పని. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే నీళ్లు సరిపోయినట్లు. ముదురు పసుపు రంగుకు వస్తే చాలడం లేదని గుర్తు.

నడుస్తుండగా ఛాతీలో బరువు, నొప్పి, ఎడమ చేతికిగాని దవడకుగాని పాకే నొప్పి, అలవాటు లేని ఆయాసం వస్తే అక్కడే కూర్చోండి. "గ్యాసు అయి ఉంటుంది, ఇంటికి నడిచి వెళ్దాం" అనుకోవద్దు. 108కి ఫోను చేయించండి.

ఏమి తాగాలి?

నడకకు ముందు ఒక గ్లాసు, వచ్చాక ఒకటి రెండు గ్లాసులు మంచినీళ్లు చాలు. పల్చని మజ్జిగ, రాగి జావ, సబ్జా నీళ్లు మనకు అలవాటైనవే, మంచివే. తాటిముంజలు పై పొరతో తింటే పీచు కూడా వస్తుంది. కొబ్బరిబొండాం కిడ్నీ జబ్బు ఉన్నవారు డాక్టరును అడిగి తాగాలి. చెరకురసం, కూల్‌డ్రింకులు షుగరు ఉన్నవారికి వద్దు. ఘాట్ల దగ్గర రంగు నీళ్లలో వేసే ఐసు ఏ నీళ్లతో చేసిందో మనకు తెలియదు. వేసవిలో వాంతులు, విరేచనాలు, పచ్చకామెర్లతో వచ్చే పిల్లలను చూసినవారికి ఆ మాట విలువ తెలుసు. ఇంటి నుంచి సీసాతో నీళ్లు తెచ్చుకోండి.

ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు మొత్తాన్ని ఒక లీటరు నీళ్లలో కలిపి ఇరవైనాలుగు గంటల్లో వాడాలి. సగం ప్యాకెట్టు గ్లాసులో కలపడం తప్పు. ప్యాకెట్టు దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, తలకొట్టి వేయండి. విరేచనాలు, విపరీతమైన చెమటలు ఉన్నప్పుడే ఇది అవసరం. బి.పి. ఉన్నవారు రోజూ షర్బతులా తాగేది కాదు.

వడదెబ్బ తగిలితే

తలనొప్పి, వికారం, కండరాలు పట్టేయడం, విపరీతమైన నీరసం మొదటి గుర్తులు. ఈ దశలో నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, కొద్దికొద్దిగా నీళ్లు తాగిస్తే చాలావరకు కోలుకుంటారు. మనిషి తికమకగా మాట్లాడినా, తూలినా, ఫిట్స్ వచ్చినా, స్పృహ తప్పినా అది ప్రాణాపాయమైన వడదెబ్బ. ఒంటి వేడి 104 డిగ్రీలు దాటుతుంది. చెమట పట్టి ఉన్నా సరే, వడదెబ్బ కాదనుకోవద్దు.

వెంటనే 108కి ఫోను చేసి, అంబులెన్సు వచ్చేలోగా చల్లబరచడం మొదలుపెట్టాలి. పై బట్టలు తీసి, ఒళ్లంతా నీళ్లు పోసి తడిపి, విసనకర్రతో గాని అట్టముక్కతో గాని గట్టిగా విసరాలి. ఐసు దొరికితే గుడ్డలో చుట్టి మెడ పక్కల, చంకల్లో, గజ్జల్లో పెట్టాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. జ్వరం మాత్ర ఈ వేడికి పనిచేయదు. ఆసుపత్రికి తెచ్చేదాకా ఆగకుండా, పడిన చోటనే చల్లబరిస్తే మనిషి దక్కే అవకాశం ఎక్కువ.

పిల్లలూ, నీళ్లూ

వేసవి సెలవుల్లో నది ఒడ్డుకు వచ్చే పిల్లలకు నీళ్లు చూస్తే ఆగదు. బ్యారేజీకి ఎగువన నీరు నిలకడగా కనిపించినా లోతు అడుగు అడుగుకూ మారుతుంది. దిగువన ఇసుక తవ్విన గుంటలు నీళ్ల కింద కనిపించవు. మెట్లకు పాచి పట్టి ఉంటుంది. పదేళ్లలోపు పిల్లలను చేతికందే దూరంలో ఉంచండి. ఈత వచ్చిన పిల్లలైనా పెద్దవారు లేకుండా దిగకూడదు.

ఎవరైనా మునుగుతుంటే ఈత శిక్షణ లేనివారు దూకవద్దు. ఒకరి కోసం దూకి ఇద్దరు ముగ్గురు పోయిన ఇళ్లు ఉన్నాయి. చీర, తాడు, కర్ర అందించండి. ఖాళీ ప్లాస్టిక్ డబ్బా మూత బిగించి విసిరితే పట్టుకుని తేలుతారు. ఒడ్డుకు చేర్చాక పొట్ట నొక్కి నీళ్లు కక్కించే ప్రయత్నం చేయవద్దు, తలకిందులుగా తిప్పవద్దు. ఊపిరి లేకపోతే వెంటనే నోటితో ఊపిరి ఊది, ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి.

మనం చేయగలిగినవి

ఈ నడకల్లో చూసిన మంచి చాలా ఉంది. లోటు కూడా ఉంది. కొన్ని చోట్ల కూర్చునే బల్లలు ఉన్నాయి గాని వాటి మీద నీడ లేదు. కొన్ని చోట్ల నీడ ఉంది గాని నేల ఎగుడుదిగుడు. ఆడవారికి శుభ్రమైన మరుగుదొడ్డి దగ్గరలో లేకపోతే వారు నీళ్లు తాగడం మానేసి బయలుదేరుతారు. వేసవిలో అది మూత్రంలో మంటకు, ఇన్ఫెక్షనుకు, నీరసానికి దారి తీస్తుంది. కొత్త పార్కుల్లో నాటిన మొక్కలు నీడనిచ్చే చెట్లు కావడానికి ఏళ్లు పడుతుంది. వేప, కానుగ, రావి వంటివి పెరిగితే రేపటి పేషెంట్లకు మందు. మీ వార్డు ప్రతినిధులు కలిసినప్పుడు రోడ్లు, డ్రైనులతోపాటు బల్ల, నీడ, కుళాయి, మరుగుదొడ్డి, దీపం ఈ ఐదూ అడగండి.

మన వంతు కూడా ఉంది. బ్యారేజీ ఎగువన ఉన్న నీళ్లే మన ఊరు తాగే నీళ్లు. పూజ సామాను ప్లాస్టిక్ కవరుతో సహా నీళ్లలో వేయడం, తిన్న ప్లేట్లు మెట్ల మీద వదలడం మానుకుంటే, ఉదయం నడకకు వచ్చినవారు ముక్కు మూసుకోవలసిన అవసరం ఉండదు.

ఒంటరిగా మొదలుపెట్టిన నడక రెండు వారాల్లో ఆగిపోవడం మాకు తెలిసినదే. తోడు ఉంటే నిలుస్తుంది. మీ వీధిలో ఇద్దరు ముగ్గురు కలిసి ఒక వేళ పెట్టుకోండి. బ్యారేజీకి దగ్గరలో ఉన్నవారు బ్యారేజీ, భవానీపురం వారు పున్నమి ఘాట్, కృష్ణలంక వారు గోడ పక్క పార్కు ఎంచుకోండి. దూరంగా ఉన్నవారు నదికి ఆటో కట్టించుకుని రానక్కర్లేదు. ఇంటికి దగ్గరలో నీడ ఉన్న స్కూలు మైదానమైనా, చెట్లున్న వీధి అయినా చాలు.

ఆసుపత్రికి తదుపరి పరీక్షకు వచ్చేటప్పుడు మందుల చీటీ వెనుక నడిచిన రోజుల లెక్క గీతలు గీసి తీసుకురండి. ఎన్ని రోజులు నడిచారు, ఏ వేళ నడిచారు, ఎక్కడ నొప్పి వచ్చింది అనే మూడు విషయాలు నర్సులకు చెబితే, మీ మోతాదు నిర్ణయించడానికి డాక్టరుగారికి ఎంతో ఉపయోగం. చెప్పులు కూడా వేసుకునే రండి, అరికాళ్లు మేము చూస్తాం.